లోపలి వార్డు నీళ్లు

1943 జూన్ 5

మొదటి వాన పడింది. వాన వెనకాలే గత్తర, డాక్టర్ల మాటలో కలరా, దిగింది. కంగ్టి వైపు నుంచి ఇవాళ ఏడు బండ్లు వచ్చాయి. రెండు బండ్లలోని వాళ్లు దవాఖాన వాకిలి చేరకముందే పోయారు. మిగిలినవాళ్లను వాకిట్లో నిన్న వేసిన గడ్డి పాకల్లో పడుకోబెట్టాం. పాకల్లో గత్తరవాళ్లు, లోపలి వార్డులో కాళ్లు చేతులు విరిగినవాళ్లు, పురిటివాళ్లు, వసారాలో, అంటరానివాళ్లని లోపలికి రానివ్వని మా వాడవాళ్లు. పాకల్లోని రోగం లోపలికి రాకూడదని డాక్టర్ జగన్నాథ్ గట్టిగా చెప్పాడు. పట్నం నుంచి వచ్చి ఆరు నెలలు కాలేదు ఆయన. చెబితే రోగం కూడా వింటుందనుకుంటాడు.

నర్సును నేనొక్కదాన్నే. కాంపౌండరు మొదటి బండి చూడగానే తనకు జ్వరమని చెప్పి ఊరికి పోయాడు. నీళ్లు మోసే శివమ్మ మాత్రం కదలలేదు. పోతే పీడ పోయేది.

జూన్ 6

శివమ్మ సంగతి ఇవాళ రాయకపోతే నాకు అన్నం సహించదు.

పొద్దున పాకల్లోంచి పరుగున వస్తుంటే నా కొంగు ఆమె బిందెకు తగిలింది. తగిలిందో లేదో కూడా తెలియదు. ఆమె నిండు బిందె ఎత్తి నా కళ్ల ముందే బురదలో కుమ్మరించి, బిందెను మట్టితో తోమి, మళ్లీ బావికి పోయింది. అక్కడ గుక్కెడు నీళ్ల కోసం మనుషులు నాలుకలు చాపుతున్నారు.

రెండేళ్లుగా ఇంతే. తిడితే నేనూ నాలుగు తిట్టేదాన్ని. తిట్టదు. లింగాయతుల ఇంటి ఆడమనిషి, మొగుడు పోయాక ఈ దవాఖానలో కుదిరింది. పుట్టిల్లు నాగల్‌గిద్ద. కోపం వస్తే కన్నడంలో గొణుక్కుంటుంది, నాకు రాదనుకుని. మిషన్ బడిలో నా పక్కన కూర్చున్న పిల్లలంతా కన్నడం వాళ్లే.

జూన్ 8

పాకల్లో ముప్పై నాలుగు మంది. పోయినవాళ్లు తొమ్మిది.

ఇంత చావులోనూ ఒక పుట్టుక. హన్మమ్మ అనే పిల్ల, పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో, మూడు రోజులు నొప్పులు పడి ఇవాళ ఆడపిల్లను కన్నది. బిడ్డ అడ్డం తిరిగింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి తిప్పాను. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కారు. హన్మమ్మ నా వేళ్లు పట్టుకుని వదల్లేదు. వదిలించుకోవాలని నాకూ అనిపించలేదు.

తర్వాత దాహమంది. నేను లోటా అందుకోబోతే ఆమె అత్త లక్ష్మవ్వ అడ్డం వచ్చి శివమ్మను కేకేసింది. కడుపులోకి పోయిన చెయ్యి గొంతులోకి నీళ్లు పోయడానికి పనికిరాదట. నవ్వొచ్చింది. నవ్వాను కూడా. లక్ష్మవ్వకు అది నచ్చలేదు.

జూన్ 9

గత్తర పురుగు చావాలని బావిలో వేసిన ఎర్ర మందు ఎవరికీ నచ్చలేదు. నెత్తురు నీళ్లని లోపలి వార్డువాళ్లు ముట్టలేదు. అయినా సీసా అడుగంటింది. దొరల లడాయి అయిపోయేదాకా ఇంకోటి రాదట. ఇక నీళ్లు కాచి తాగించడమే దారి అన్నాడు డాక్టరు.

వసారాకు, పాకలకు నేను కాస్తాను. నా చేతి నీళ్లు మా వాడవాళ్లు తాగుతారు, పాకల్లో ఉన్నవాళ్లకు ఎవరి చెయ్యో చూసే ఓపిక లేదు. చిక్కంతా లోపలి వార్డుతోనే. పచ్చినీళ్లకే ఇన్ని పట్టింపులున్నవాళ్లు, కాచిన నీళ్లు వండిన అన్నంతో సమానమట, నేను కాస్తే అసలే తాగరు. అందుకని శివమ్మ నీళ్ల అర్రలోనే పొయ్యి పెట్టి కాస్తుంది. నేను ఆ గడప తొక్కకూడదు. బయటి నుంచి చూసుకోవాలి.

"ఎట్ల కాయాల్నో నువ్వు జెప్పు" అన్నాడు డాక్టరు. చెప్పాను. బుడగలు వచ్చాక ఇంకో అరగంట ఉంచాలి, మూత పెట్టాలి. అన్నీ చెప్పాను. ఆమె నా మొహం చూడకుండా విన్నది.

మిషన్ ఆస్పత్రిలో దొరసాని మాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. కాచిన నీళ్లలో పచ్చినీటి చుక్క పడితే కాచనట్టే.

జూన్ 11

శివమ్మ కాచడం మొదలుపెట్టింది. డాక్టరు చూసి రమ్మంటే పోయి కిటికీలోంచి చూశాను. సరిగానే మరుగుతున్నాయి. వచ్చేశాను.

పాకల్లో నలభై ఒక్కరు.

జూన్ 12

తిరిగి తిరిగి కాళ్లు వాచాయి. రాయడానికి ఏమీ లేదు.

జూన్ 14

లోపలి వార్డులో గత్తర.

బీరప్ప అని, బండి చక్రం కింద కాలు పడి పది రోజులుగా లోపల పడుకున్న మనిషి. పాకల దిక్కు పోలేదు, పాకలవాళ్లెవరూ అతని దగ్గరికి రాలేదు. పొద్దున బియ్యం కడుగు లాంటి విరేచనాలు మొదలయ్యాయి. మధ్యాహ్నానికి కళ్లు గుంటల్లోకి పోయాయి. కట్టు కట్టిన కాలుతోనే పాకలోకి మోశాం.

జూన్ 15

బీరప్ప పోయాడు. అతని అన్న మొగులప్ప పీనుగను బండెక్కిస్తూ నన్నే చూశాడు. నన్నెందుకు చూడాలి?

జూన్ 17

లోపల ఇంకో ముగ్గురికి వచ్చింది. ఒకడికి చెయ్యి విరిగింది, ఇంకొకడిది కంటి జబ్బు, మూడో ఆమె ఆడబిడ్డకు తోడుగా వచ్చింది. ఆమెకు అసలు ఏ రోగమూ లేదు.

వసారాలో ఒక్కరికీ రాలేదు. ఒక్కరికీ. మా వాడవాళ్లు పద్నాలుగు మంది నా కుండ నీళ్లు తాగి రాయిలా ఉన్నారు. ఎవరి చెయ్యి మంచిదో ఇప్పుడు చూసుకోమనండి. ఈ మాట పైకి అనలేదు. అనాలని మాత్రం నాలుక దురద పెట్టింది.

డాక్టరు ఈగలంటాడు, గుగ్గిళ్లంటాడు, మూటల్లో తెచ్చుకున్న సద్ద రొట్టెలంటాడు. చివరికి నన్ను పిలిచి నీళ్ల సంగతి అడిగాడు.

"నీళ్లు సరిగ్గ కాగుతున్నయా, రిబ్కమ్మా?"

"నా కండ్లతోని చూసిన సాబ్."

చూశాను నిజమే కదా. మరిగాయి, చూశాను.

జూన్ 18

ఇవాళ నా మీద రాయి పడింది. భుజానికి తగిలింది. ఇంకో జానెడు పైన తగిలితే ఈ రాత ఉండేది కాదు.

మొగులప్ప ఇరవై మందిని వెంటేసుకుని వచ్చాడు. డాక్టరు గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు, చెప్పాలి కదా, నిలబడ్డాడు. మొగులప్ప అరవలేదు. మెల్లగా, లెక్క అప్పజెప్పినట్టు అడిగాడు.

"మా తమ్ముడు కాలిరిగి వచ్చిండు. కాలిరిగినోడు గత్తరతోని ఎట్ల సచ్చిండు? వసారల దీని వాడోళ్లు ఒక్కలన్న సచ్చిన్రా? లోపటోళ్లే ఎందుకు సస్తున్రు సాబ్?"

వెనక నుంచి ఎవరో నేను మందు పెడుతున్నానన్నారు. కిరస్తానీదాన్ని కాబట్టి దొరల కోసం మనుషుల్ని చంపుతున్నానట. శివమ్మ నీళ్ల అర్ర గడపలో బిందె పట్టుకుని నిలబడి అంతా విన్నది. ఆమె ఒక్క మాట అనవచ్చు. ఆ మనిషి నీళ్లు ముట్టదు, నేనే కాస్తాను అని. అనలేదు.

వాళ్లు పోయాక నన్ను పది రోజులు ఊరికి పొమ్మన్నాడు డాక్టరు. పోనన్నాను. పోతే తప్పు చేసినదాన్నవుతాను. నేనే తప్పూ చేయలేదు.

జూన్ 19

నేనే తప్పూ చేయలేదు. చెప్పవలసినవన్నీ చెప్పాను.

లోపల ఇంకో ఇద్దరు.

జూన్ 20, ఆదివారం

ప్రార్థన కుదరలేదు. కళ్లు మూస్తే బావి కనిపిస్తుంది. పాకల్లో పీనుగుల బట్టలు ఉతికిన నీళ్లన్నీ వానకు అటే పోతున్నాయి.

లక్ష్మవ్వను బతిమాలాను. నేను, ఆమెను! కోడల్ని, పిల్లను వసారాలోకి మార్చుకొమ్మన్నాను. గాలి బాగుంటుందని సాకు చెప్పాను. మా వాడవాళ్ల పక్కన పడుకోబెట్టడానికి తన కోడలు దిక్కులేనిది కాదంది. ఇంటికైనా తీసుకుపొమ్మన్నాను. నెలైనా నిండని పచ్చి బాలింతను వానలో బండెక్కిస్తారా అంది.

ఆమె అటు తిరిగినప్పుడు నా కుండలోని నీళ్లు సీసాలో పోసి హన్మమ్మకు ఇయ్యబోయాను. హన్మమ్మ సీసా వైపు ఆశగా చూసింది. "వద్దు నర్సమ్మా. అత్త చూస్తది" అంది. పాపను నాకు చూపించి నవ్వింది. పాపకు నా పేరు పెడతానని మొదటి రోజు అన్నదే, ఆ మాట అత్తకు ఇంకా చెప్పలేదట.

జూన్ 21

డాక్టరు దగ్గరికి పోదామని రెండుసార్లు లేచాను. పోయి ఏం చెప్పాలి? చెప్పడానికేముంది?

శివమ్మ ఇవాళ నా నీడ పడిన బిందెను కూడా ఒలకబోసింది. మంచిది. పోసుకోనీ.

జూన్ 22

తెల్లవారగానే లక్ష్మవ్వ కేక వినిపించింది. హన్మమ్మకు వచ్చింది.

నేను వార్డులోకి పోలేదు. నేరుగా నీళ్ల అర్రకు పోయాను. గడప దాటాను. రెండేళ్లలో మొదటిసారి లోపల అడుగుపెట్టి చూశాను. అలికిన నేల, మూలకు పొయ్యి, వరసగా నీళ్లు నిలవుంచే నాలుగు మట్టి రంజన్లు, వాటి మీద ఉతికిన గుడ్డలు. నా అర్ర కంటే శుభ్రంగా ఉంది. కాచిన నీళ్లు రంజన్‌లో పోసి, బావి నీళ్ల చెంబు ఎత్తి, కళ్లు మూసుకుని అందులో ధారగా కలుపుతోంది శివమ్మ. నేను రంజన్‌ను కాలితో తన్నాను. పగిలింది. రెండోది కూడా తన్నాను.

ఆమె వెనక్కి తగ్గి గోడకు ఆనుకుంది. పగిలిన పెంకులు చూసింది కానీ తిట్టలేదు.

"పచ్చినీళ్లెందుకు గలుపుతున్నవే" అన్నాను.

"చన్నీళ్లు తగలని వేన్నీళ్లు పీనుగకే పోస్తరు. పానంతోని ఉన్నోళ్లకు అవెట్ల తాగిపియ్యాలె? రోగమొచ్చినోళ్లాయె. రంజన్‌కు ఒక చెంబు కలుపుతున్న, బతకాలె బతకాలె అనుకుంటనే కలుపుతున్న."

రోగం లోపలికి వచ్చిన దారి అదే. ఈగలు కాదు, రొట్టెలు కాదు.

నాకు ఆ ఆచారం తెలియనిది కాదు. మా అమ్మ యేసును నమ్ముకున్నాక కూడా వేన్నీళ్లలో ముందు చెంబెడు చన్నీళ్లు పోయనిదే మమ్మల్ని స్నానానికి కూచోబెట్టేది కాదు. మరిచిపోతే లెంపలు వేసుకునేది. పీనుగకు తప్ప ఎవరికీ కలపని నీళ్లు పోయరు, మా వాడలోనైనా, వాళ్ల ఇళ్లలోనైనా. ఆ ఒక్క విషయంలో మాకూ వాళ్లకూ తేడా లేదు.

డాక్టరు వచ్చాడు. విన్నాడు. తల పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. తర్వాత లేచి ఉన్న రెండు సెలైన్ సీసాలూ హన్మమ్మకే పెట్టాడు. నరం దొరకక నాలుగు చోట్ల పొడిచాడు. నేను హన్మమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆ చేతి వేళ్లు రోజంతా నీళ్లలో నానిన చాకలి వేళ్లలా ముడుచుకుపోయాయి. ఇప్పుడు నా సీసా నీళ్లు ఇస్తే లక్ష్మవ్వ అడ్డుపడలేదు. తానే కోడలి నోరు తెరిచి పట్టుకుంది. లోపలికి పోయినవి పోయినట్టే బయటికి వచ్చాయి.

జూన్ 23

హన్మమ్మ పోయింది.

ఏడ్చాను. అందరి ముందూ ఏడ్చాను. లక్ష్మవ్వ నా భుజం మీద చెయ్యి వేసింది, రాయి తగిలిన వైపే. ఆ చెయ్యి తీసి పారేయాలనిపించింది.

జూన్ 24

నిన్నటిదాకా నా మీద రాళ్లు, ఇవాళ శివమ్మ మీద. మొగులప్ప మనుషులు ఆమెను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చారు. చెంబు మెడకు కట్టారు. కావాలనే విషం కలిపిందన్నవాడు ఒకడు, మొగుణ్ని మింగినదానికి ఇదో లెక్కా అన్నది ఒకతి. డాక్టరు విడిపించి, కొలువులోంచి తీసేశానని చెప్పి వాళ్లను పంపాడు.

తర్వాత పైకి పంపాల్సిన కాగితం రాశాడు. నీళ్లు ఎట్లా కాచాలో, ఏది కలపకూడదో నర్సు పూర్తిగా చెప్పినా నీళ్ల మనిషి వినలేదని రాశాడు. నాకు చదివి వినిపించి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

మధ్యాహ్నం నుంచి లోపలి వార్డు నా కుండ నీళ్లు తాగుతోంది. అడిగి మరీ తాగుతున్నారు. మొదట దోసిళ్లలో పైనుంచి పోయించుకున్నారు, సాయంత్రానికి లోటాలే ముందుకు చాపారు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. లక్ష్మవ్వ పాపకు పట్టే మేకపాలలో కలపడానికి నా నీళ్లే తీసుకుపోయింది.

గెలిచాను. రెండేళ్లుగా కోరుకున్నది ఇదే.

జూన్ 25

లోపల కొత్తగా ఎవరికీ రాలేదు. ఒకసారి కాచిన కుండనే మళ్లీ పొయ్యి మీద పెడుతున్నాను. నిద్ర చాలక కావచ్చు.

జూన్ 26

శివమ్మ ఇవాళ పుట్టింటికి పోయింది. అంగడి అవతల నాగల్‌గిద్ద పోయే కందుల బండి కోసం కూర్చుని ఉందని తెలిసి పోయాను. ఎందుకు పోయానో తెలియదు. చూసి సంతోషించడానికేమో అనుకుంటూ నడిచాను.

పక్కన చిన్న మూట, చెంబు. కణత దగ్గర జుట్టు పీకిన చోట పుండు. నన్ను చూసి లేవలేదు. తప్పు ఎవరిదో ఇప్పటికైనా ఒప్పుకోమన్నాను. ఆమె బండి వచ్చే తోవ మీంచి కళ్లు తిప్పి నా మొహం చూసింది. రెండేళ్లలో మొదటిసారి కళ్లు తిప్పుకోకుండా చూసింది.

"నువ్వు మొదటి దినమే జూసినవు గదా" అంది. "నేను చెంబెత్తి కలుపుతుంటే కిటికీల నిలవడ్డవు. మిషన్ల సదువుకున్నదానివి. నువ్వేమన్లేదు గన్క, మంచిదే కావచ్చనుకున్న."

మొన్న జుట్టు పట్టి ఈడ్చినప్పుడు ఈ మాట వాళ్లతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నిన్ను జంపుతుండ్రి. లోపల ఇంక పదకొండుమంది ఉన్నరు. నీళ్లెవరు కాస్తరు?"

బండి వచ్చింది. ఆమె చెంబులో బావి నీళ్లున్నాయి, పచ్చివి. తోవలో తాగుతుంది. ఒలకబోయమన్నాను. నేను పోయి కాచిన నీళ్లు తెస్తానన్నాను, బండివాణ్ని ఆపమన్నాను, చేతులు పట్టుకోబోయాను. చేతులు వెనక్కి తీసుకుంది.

"నీ చేతి నీళ్లు నేను తాగ" అని బండెక్కింది.

జూన్ 27, ఆదివారం

పొద్దున డాక్టరుతో చెప్పాను. నా సంతకం కొట్టేయమన్నాను. ఆయన తలుపు వేసి, ఈ మాట ఇంకెవరికీ చెప్పవద్దన్నాడు. పాకల్లో ఇంకా ఇరవై ఆరుగురున్నారట, ఇంకో నర్సును ఎవరు పంపుతారట. కాగితం వెళ్లిపోయిందట. తిలా పాపం తలా పిడికెడు అన్నాడు. నా పిడికిలి ఎంతో ఆయనకు తెలియదు.

జూన్ 11న నేను రాయనిది ఇది.

కిటికీ దగ్గర నిలబడ్డాను. నీళ్లు మరిగాయి. శివమ్మ రంజన్‌లో పోసింది. పోసి, బావి నీళ్ల చెంబు ఎత్తి కలిపింది. ఎందుకు కలుపుతోందో నాకు వెంటనే అర్థమైంది. అది తప్పని ఆ దవాఖాన మొత్తంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆమె తలెత్తి నన్ను చూసింది. ఏమంటానో అని చెంబు అట్లాగే పట్టుకుని ఆగింది. ఒక్క మాట చాలు, కలపకు అని. ఆ గడప దగ్గరికి పోయి ఆమెతో మాట్లాడడానికి నాకు మనసొప్పలేదు. మడి నీళ్లు కదా, తాగనీ, వాళ్ల మడి వాళ్లనే తాగనీ అనుకున్నాను. అప్పటికి హన్మమ్మకు పురుడు పోసి మూడు రోజులు. ఆమె కూడా ఆ నీళ్లే తాగుతుందని నాకు తెలుసు. తెలిసే వచ్చేశాను.

బాధ కలగలేదు. సంతోషమే కలిగింది. ఆ పూట అన్నం రెండోసారి పెట్టుకుని తిన్నాను.